ఉచిత మెయిల్‌లో మన గుట్టు ఎంత భద్రం?

మీ ప్రశ్న చదివాను. పన్నెండేళ్ళుగా ఒకే ఉచిత మెయిల్ వాడుతున్నారు. మీ ఆధార్, పాన్, నాన్నగారి పెన్షన్ కాగితాలు, అమెరికాలో చదువుతున్న చెల్లెలి వీసా పత్రాలు అన్నీ అందులోనే ఉన్నాయి. స్నేహితుడొకరు "ఉచితం అంటే మన మెయిల్స్ అన్నీ వాళ్ళు చదువుతున్నట్టే, డబ్బు కట్టే సర్వీసుకు మారిపో" అన్నారు. అది నిజమేనా, వెంటనే మారాలా అన్నది మీ సందేహం.

మెయిల్ సర్వర్లు నడిపే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. మీ స్నేహితుడి మాటలో కొంత నిజం ఉంది. కానీ ప్రమాదం ఆయన చూపించిన వైపు తక్కువ, ఇంకో వైపు ఎక్కువ. ఆ మెయిల్‌లో మీరు ఏమేం దాచిపెట్టారు, దాన్ని తెరిచే వీలు మీరు కాక ఇంకా ఎవరెవరికి ఉంది, ముందు ఇది చూసుకోవాలి. నా పనిలో కళ్ళారా చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం అక్కడి నుంచి వచ్చినవే. సర్వీసు మార్చినంత మాత్రాన అవి పోవు.

అయినా కంపెనీ సంగతి దాటవేయను, ఎందుకంటే మీరు అడిగింది అదే. జీమెయిల్ 2004 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు ఒక జీబీ జాగా ఇచ్చింది. అప్పటికి హాట్‌మెయిల్ ఇచ్చేది 2 ఎంబీ, యాహూ ఇచ్చేది 4 ఎంబీ. అంత జాగా ఊరికే ఇచ్చి కంపెనీ సంపాదించుకున్న దారి ప్రకటనలు. మెయిల్‌లోని మాటలను యంత్రం చదివి, వాటికి తగ్గ ప్రకటనను పక్కన చూపించేది. దాన్ని ఆపమని ఆ నెలలోనే 31 సంస్థలు కలిసి గూగుల్‌కు లేఖ రాశాయి. ఆగడానికి పదమూడేళ్ళు పట్టింది. ప్రకటనల కోసం మెయిల్ చదవడం మానేస్తామని గూగుల్ 2017 జూన్‌లో ప్రకటించింది.

దీని అర్థం సరిగ్గా తెలుసుకోండి. మెయిల్‌లోని మాటలను బట్టి ప్రకటనలు ఎంచడం ఆగింది. యంత్రం మెయిల్ చదవడం ఆగలేదు. స్పామ్‌ను పట్టుకోవాలన్నా, వైరస్ ఉన్న ఫైలును ఆపాలన్నా, విమానం టికెట్ వస్తే దాన్ని క్యాలెండర్‌లో పెట్టాలన్నా, జవాబు ఎలా రాయాలో సూచించాలన్నా యంత్రం చదవాల్సిందే. స్పామ్ కోసం చదవడం మనకు మేలే. మిగతావి అక్కర్లేదనుకుంటే సెట్టింగ్స్‌లో "స్మార్ట్ ఫీచర్స్" అన్నదాన్ని ఆపేయవచ్చు. జీమెయిల్‌లోని మెయిల్స్‌తో ఏఐకి శిక్షణ ఇస్తున్నారని 2025 నవంబర్‌లో గట్టిగా ప్రచారం జరిగింది. గూగుల్ దాన్ని ఖండించింది. ఆ ప్రచారంలో చెప్పిన సెట్టింగ్ కూడా ఈ స్మార్ట్ ఫీచర్లదే. నేనైతే ఆ సెట్టింగ్ ఆపేసుకున్నాను, పనికి ఏ ఇబ్బందీ రాలేదు.

అందరూ గూగుల్ దారిలో నడవలేదు. యాహూ, ఏఓఎల్ ఖాతాలకు వచ్చే వ్యాపార మెయిల్స్‌ను యంత్రంతో చదివించి, ఎవరు ఏం కొంటారో ప్రకటనకర్తల కోసం వర్గాలుగా విడదీస్తున్నారని 2018 ఆగస్టులో వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. కాబట్టి "ఉచిత మెయిల్" అని అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. మీరు వాడే సర్వీసు ప్రైవసీ పాలసీలో ప్రకటనల గురించి ఏం రాశారో ఆ ఒక్క భాగమైనా చదవండి.

ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఈ సర్వీసుల్లో మెయిల్ ప్రయాణంలో ఉన్నప్పుడూ, వాళ్ళ డిస్కుల్లో ఉన్నప్పుడూ చాలావరకు ఎన్‌క్రిప్ట్ అయ్యే, అంటే వేరేవాళ్ళు చదవలేని సంకేతాలుగా మారే ఉంటుంది. కానీ దాన్ని విప్పే కీ కంపెనీ దగ్గరే ఉంటుంది. అంటే వాళ్ళు చదవడం లేదన్నది వాళ్ళు పెట్టుకున్న నియమం మాత్రమే, చదవలేని పరిస్థితి కాదు. దీనికి గట్టి ఉదాహరణ మైక్రోసాఫ్ట్‌ది. విండోస్ 8కు సంబంధించిన రహస్య కోడ్ 2012లో బయటికి పొక్కితే, అది ఎవరి ద్వారా వెళ్ళిందో తెలుసుకోవడానికి ఒక బ్లాగర్ హాట్‌మెయిల్ ఖాతాను కంపెనీ తనంతట తానే తెరిచి చూసింది. కోర్టు ఆదేశం ఏదీ లేదు. 2014లో కేసు పత్రాల ద్వారా సంగతి బయటపడి, విమర్శలు వచ్చాక, ఇకపై ఇలాంటివి పోలీసులకే అప్పగిస్తామని నియమం మార్చుకుంది. అలాగే అమెరికా నిఘా సంస్థల కోసం యాహూ 2015లో తన ఖాతాదారులందరికీ వచ్చే మెయిల్స్‌ను వడకట్టే ప్రోగ్రామ్ తయారు చేసిందని 2016 అక్టోబర్‌లో రాయిటర్స్ బయటపెట్టింది. ఆ కథనం తప్పుదోవ పట్టించేలా ఉందని యాహూ అంది.

ఇవి విని భయపడమని చెప్పడం లేదు. మీలాంటి, నాలాంటి వాళ్ళ మెయిల్‌ను కంపెనీలో ఒక మనిషి కూర్చుని చదివే అవకాశం చాలా తక్కువ. కానీ అలా చదవడం సాధ్యమేనన్నది మనసులో పెట్టుకుని వాడాలి.

ఇప్పుడు నాకు నిజంగా ఆందోళన కలిగించే సంగతికి వస్తాను. అది మనం స్వయంగా లోపలికి రానిచ్చిన వాళ్ళ గురించి.

ఖర్చులు లెక్కగట్టే యాప్, అనవసరమైన మెయిల్స్ శుభ్రం చేసే యాప్, టికెట్లు, బిల్లులు ఒకచోట చూపే యాప్, వీటిలో చాలావాటిని ఇన్‌స్టాల్ చేయగానే "మీ మెయిల్స్ చదవడానికి అనుమతి ఇవ్వండి" అని అడుగుతాయి. తొందరలో "అలో" నొక్కేస్తాం. ఆ ఒక్క నొక్కుతో పాస్‌వర్డ్ అవసరం లేకుండా మీ మెయిల్ అంతా, పన్నెండేళ్ళ పాతవి కూడా, ఆ కంపెనీ సర్వర్ నుంచి చదవగలిగే హక్కు వాళ్ళకు వెళ్ళిపోతుంది. అన్‌రోల్ డాట్ మీ అనే సర్వీసు సంగతి 2017లో బయటికొచ్చింది. అక్కర్లేని మెయిల్స్ ఆపిపెడతామని చెప్పి లోపలికి వచ్చిన ఆ సర్వీసు, జనం ఇన్‌బాక్సుల్లోని లిఫ్ట్ (ఉబర్‌కు పోటీగా ఉన్న ట్యాక్సీ సర్వీసు) రసీదుల సమాచారాన్ని పేర్లు తీసేసి ఉబర్‌కు అమ్మిందని న్యూయార్క్ టైమ్స్ రాసింది. ఆ మరుసటి ఏడాది వాల్ స్ట్రీట్ జర్నల్ ఇంకో సంగతి రాసింది. రిటర్న్ పాత్ అనే మార్కెటింగ్ కంపెనీ తన సాఫ్ట్‌వేర్‌కు శిక్షణ ఇవ్వడానికి దాదాపు 8,000 మెయిల్స్‌ను ఉద్యోగుల చేత చదివించింది. గమనించండి, ఇక్కడ యంత్రం కాదు, మనుషులు చదివారు. జీమెయిల్ యజమాని గూగుల్ చదవలేదు, మనం అనుమతి ఇచ్చిన మూడో వాళ్ళు చదివారు. ఆ తర్వాత గూగుల్ నిబంధనలు బాగా బిగించింది. అయినా మీరు ఎప్పుడో ఇచ్చిన అనుమతి ఇంకా అక్కడే ఉందేమో మీరే చూసుకోవాలి.

ఇందులో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఫోన్‌లోంచి యాప్ తీసేసినంత మాత్రాన ఆ అనుమతి రద్దు కాదు. గూగుల్ అకౌంట్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ భాగంలోకి వెళ్ళి, థర్డ్ పార్టీ యాప్స్ ఉన్న చోట ఒక్కొక్కటీ తెరిచి చూడండి. కొన్నిటికి "సైన్ ఇన్" అని మాత్రమే ఉంటుంది. వాటికి తెలిసేది మీ పేరు, మెయిల్ అడ్రసు, ఫొటో వరకే, అంత టెన్షన్ అక్కర్లేదు. జీమెయిల్ చదివే అనుమతి ఉన్నవాటిని మాత్రం, ఇప్పుడు వాడుతున్నవైనా సరే, నిజంగా అవసరమా అని ఆలోచించి తీసేయండి. అప్పు ఇచ్చే యాప్ ఏదైనా ఆ జాబితాలో కనిపిస్తే ఆలోచన కూడా అక్కర్లేదు.

ఇక మీ పెట్టెలో ఏముందో చూద్దాం. మన దేశంలో మెయిల్ పెట్టె ఉత్తరాలకంటే కాగితాలు దాచుకునే చోటుగా మారిపోయింది. ఇంట్లోని మిగతా బీరువాల తాళంచెవులన్నీ దాచిన బీరువా ఎలాంటిదో, మెయిల్ అలాంటిది. బ్యాంకు, ఇన్‌కమ్ ట్యాక్స్, డీమ్యాట్, ఫేస్‌బుక్, ఏ ఖాతా పాస్‌వర్డ్ మర్చిపోయినా కొత్తది పెట్టుకునే లింకు చాలావరకు అక్కడికే వస్తుంది. దానికి తోడు ఆ కాగితాలూ అక్కడే ఉంటాయి.

"పీడీఎఫ్‌లకు పాస్‌వర్డ్ ఉంది కదా" అని మీరు అనవచ్చు. ఈ-ఆధార్ పీడీఎఫ్ పాస్‌వర్డ్ ఏమిటో అందరికీ తెలిసిందే: పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, పక్కన పుట్టిన సంవత్సరం. బ్యాంకు స్టేట్‌మెంట్ వచ్చే మెయిల్‌లో పాస్‌వర్డ్ ఎలా ఉంటుందో ఆ మెయిల్‌లోనే రాసి ఉంటుంది, పేరులో ఇన్ని అక్షరాలు, పుట్టిన తేదీ అని. మీ పెట్టెలోనే పాస్‌పోర్ట్ కాపీయో టెన్త్ సర్టిఫికెట్టో ఉంటే పేరు, పుట్టిన తేదీ రెండూ దొరికినట్టే. దారి తప్పి వేరేవాళ్ళకు వెళ్ళిన మెయిల్‌ను ఆ పాస్‌వర్డ్ కొంతవరకు కాపాడుతుంది. మీ పెట్టెలోకే దూరిన మనిషిని అది ఆపలేదు.

దారి తప్పడం కూడా అరుదేం కాదు. పేరు శ్రీనివాస్ అనో లక్ష్మి అనో ఉన్నవాళ్ళను అడగండి. ఎవరివో ఇన్సూరెన్స్ పాలసీలు, ఎవరివో స్కూలు ఫీజు రసీదులు వాళ్ళకు వస్తూనే ఉంటాయి. అవతలివారు ఫారంలో తమ అడ్రసు తప్పుగా రాస్తారు, అందుకున్న కంపెనీ సరిచూడదు. మీ నాన్నగారి పెన్షన్ ఆఫీసులో, బ్యాంకులో ఉన్న మెయిల్ అడ్రసులో ఒక్కో అక్షరం సరిగ్గా ఉందో లేదో ఒకసారి కనుక్కోండి.

మన ఊళ్ళలో నెట్ సెంటర్ల సంగతి విడిగా చెప్పాలి. ఎంసెట్‌కో, డిగ్రీ అడ్మిషన్‌కో, స్కాలర్‌షిప్‌కో అప్లై చేయడానికి వెళ్ళిన పిల్లలకు మెయిల్ లేకపోతే నెట్ సెంటర్ వాళ్ళే ఒకటి తయారు చేసి ఇస్తారు. పని త్వరగా అవ్వాలని రికవరీ నంబర్‌గా, అంటే పాస్‌వర్డ్ మర్చిపోతే కోడ్ వచ్చే నంబర్‌గా, తమ ఫోన్ నంబర్ పెడతారు, పాస్‌వర్డ్‌గా అందరికీ ఒకటే పెడతారు. దురుద్దేశం ఏమీ ఉండదు. కానీ ఆ పిల్లవాడు అదే మెయిల్‌తో ఉద్యోగంలో చేరతాడు, జీతం ఖాతా తెరుస్తాడు, పీఎఫ్‌కు ఇస్తాడు. ఏళ్ళ తర్వాత కూడా ఆ మెయిల్‌ను తెరవగల రికవరీ నంబర్ ఆ నెట్ సెంటర్ వాళ్ళదే. మీ ఖాతా అలా పుట్టినదైతే మొదట ఆ నంబర్ మార్చండి. మీ ఇంట్లో, చుట్టాల్లో చదువుకునే పిల్లలున్నా ఇదే చెప్పండి.

జెరాక్స్ షాపుది ఇంకో రకం. ప్రింట్ కావాలంటే గోడ మీద రాసి ఉన్న షాపు మెయిల్‌కు పంపమంటారు. అలా వచ్చిన ఆధార్‌లు, పాస్‌బుక్ పేజీలు, భూమి పాస్‌పుస్తకాలు వందల మందివి ఆ ఒక్క ఇన్‌బాక్స్‌లో పేరుకుపోతాయి. ఆ కంప్యూటర్ ముందు ఎవరు కూర్చున్నా కనిపిస్తాయి. మీ మెయిల్‌ను ఎంత భద్రంగా పెట్టుకున్నా, మీరు పంపిన కాపీ షాపు మెయిల్‌లో అలాగే ఉంటుంది. వీలైతే ఫోన్‌ను కేబుల్‌తో కలిపి ప్రింట్ తీయించండి. పంపక తప్పకపోతే, మొదటి ఎనిమిది అంకెలు దాచిన మాస్క్‌డ్ ఆధార్‌ను ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ వెబ్‌సైట్‌లో డౌన్‌లోడ్ చేసుకుని, అది సరిపోయే చోటల్లా అదే పంపండి. ప్రింట్ అవగానే మీ ఎదురుగానే డిలీట్ చేయించి, ట్రాష్‌లోంచి కూడా తీయించండి. డిలీట్ చేసిన మెయిల్ జీమెయిల్ ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది. అడగడానికి మొహమాటపడకండి, అది మీ హక్కు.

పాత ఖాతాల గురించి కూడా చెప్పాలి. రెండు వేల దశకంలో సైబర్ కేఫ్‌లో గంటకింతని కట్టి తెరుచుకున్న యాహూ ఐడీలు, రెడిఫ్ ఐడీలు చాలామందికి ఉన్నాయి. యాహూ మీద 2013లో జరిగిన దాడిలో ఖాతాలన్నిటి సమాచారం, అంటే 300 కోట్ల ఖాతాలది, బయటికి పోయింది. కంపెనీ 2016 డిసెంబర్‌లో వంద కోట్లని చెప్పి, 2017 అక్టోబర్‌లో అసలు సంఖ్య ఒప్పుకుంది. పోయినవాటిలో ఫోన్ నంబర్లు, పుట్టిన తేదీలు, కొందరివైతే "మీ అమ్మగారి పుట్టింటి పేరేమిటి" లాంటి సెక్యూరిటీ ప్రశ్నలూ వాటి జవాబులూ ఉన్నాయి. పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు కానీ అమ్మ పుట్టింటి పేరు ఎలా మారుస్తాం? అందుకే ఇలాంటి ప్రశ్న ఎవరైనా అడిగితే నిజమైన జవాబు ఇవ్వకండి. మీకు గుర్తుండే వేరే మాట ఏదైనా రాసి, ఒక నోట్‌బుక్‌లో పెట్టుకోండి.

అదే 2013లో యాహూ ఇంకో పని చేసింది. ఏడాదికి పైగా వాడని ఐడీలను కొత్తవాళ్ళకు ఇవ్వడం మొదలుపెట్టింది. అలా ఐడీ దక్కించుకున్న కొందరికి పాత యజమానుల మెయిల్స్ రావడం మొదలైంది. గూగుల్ అడ్రసులను తిరిగి వేరేవాళ్ళకు ఇవ్వదు. కానీ రెండేళ్ళు వాడకుండా వదిలేసిన వ్యక్తిగత ఖాతాలను తొలగించే పద్ధతి 2023 డిసెంబర్ నుంచి పెట్టింది. మీ ఇప్పటి మెయిల్‌కు రికవరీగా ఎప్పటిదో పాత ఐడీ ఉందేమో చూడండి. ఉంటే తీసేసి, మీరు రోజూ చూసేది పెట్టండి.

మీ చెల్లెలి విషయంలో ఫోన్ నంబర్‌తో ఇదే సమస్య వస్తుంది. అమెరికా వెళ్ళిన పిల్లలు ఇక్కడి సిమ్‌కు రీఛార్జ్ చేయడం మానేస్తారు. కొన్నాళ్ళకు ఆ నంబర్‌ను టెలికాం కంపెనీ ఇంకొకరికి ఇచ్చేస్తుంది. మెయిల్ రికవరీ కోడ్, బ్యాంకు ఓటీపీ వెళ్ళేది ఆ కొత్త మనిషికి. ఆమెను వెంటనే రికవరీ నంబర్ మార్చుకోమనండి, లేదా ఇక్కడి సిమ్‌ను బతికించి ఉంచమనండి.

మెయిల్ పంపేవాళ్ళు మన మీద పెట్టే నిఘా ఇంకోటి. వ్యాపార మెయిల్స్‌లో కంటికి కనిపించనంత చిన్న బొమ్మ ఒకటి పెడతారు. మెయిల్ తెరవగానే ఆ బొమ్మ వాళ్ళ సర్వర్ నుంచి వస్తుంది కాబట్టి మీరు ఎప్పుడు తెరిచారో వాళ్ళకు తెలుస్తుంది. 2013 డిసెంబర్ నుంచి జీమెయిల్ ఆ బొమ్మలను తన సర్వర్ల ద్వారా తెప్పిస్తోంది. అందువల్ల మీరు ఎక్కడి నుంచి తెరిచారన్నది వాళ్ళకు అందదు, ఎప్పుడు తెరిచారన్నది మాత్రం అందుతుంది. సెట్టింగ్స్‌లో బొమ్మలు చూపించే ముందు అడగమని పెట్టుకుంటే అదీ ఆగుతుంది. ఐఫోన్ ఉన్నవాళ్ళకు 2021 నుంచి యాపిల్ మెయిల్‌లో దీనికి రక్షణ ఉంది. చిరాకు పుట్టించే పద్ధతే కానీ పైన చెప్పినవాటితో పోలిస్తే నష్టం తక్కువ.

ఖాతా మొత్తం పోగొట్టుకోవడం మాత్రం చిన్న సంగతి కాదు. గుజరాత్‌లో ఒక ఇంజినీర్ తన చిన్నప్పటి ఫొటో, వాళ్ళ నాయనమ్మ స్నానం చేయిస్తున్నది, గూగుల్ డ్రైవ్‌లో పెట్టుకున్నాడు. యంత్రం దాన్ని పిల్లలపై అత్యాచార చిత్రంగా లెక్కగట్టి ఖాతా మూసేసింది. మెయిల్ పోయింది, దానితో వృత్తికి సంబంధించిన పనీ ఆగిపోయింది. ఆయన హైకోర్టుకు వెళ్తే, 2024 మార్చిలో కోర్టు గూగుల్‌కు నోటీసు ఇచ్చింది. ఉచిత సర్వీసులో మన గోడు వినే మనిషి దొరకడం ఎంత కష్టమో దీన్ని బట్టి తెలుస్తుంది. కాబట్టి ఆర్నెల్లకోసారైనా గూగుల్ టేకౌట్ అనే సదుపాయంతో మీ మెయిల్ మొత్తం ఒక కాపీ తీసి, ఇంట్లో హార్డ్ డిస్క్‌లో పెట్టుకోండి.

చట్టం కాపాడదా అంటే కొంతవరకే. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు ఇచ్చింది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి, అవి విడతలవారీగా అమల్లోకి వస్తాయి. మన డేటా చూపించమని, తప్పులు సరిచేయమని, తొలగించమని కంపెనీలను అడిగే హక్కు అందులో ఉంది. కొన్ని కారణాల మీద తన సంస్థలను మినహాయించే అధికారం కేంద్రానికి ఇచ్చిందీ అదే చట్టం. ఐటీ చట్టం 69వ సెక్షన్ కింద కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు మన సమాచారాన్ని చూసేందుకు ఆదేశాలు ఇవ్వగలవు. ఇది ఉచిత మెయిల్‌కైనా డబ్బు కట్టే మెయిల్‌కైనా ఒకటే.

మరి మారాలా? మీకైతే ఇప్పుడే అక్కర్లేదన్నది నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను. జెనీవాలోని ప్రోటాన్ మెయిల్, జర్మనీలోని టూటా లాంటివి కంపెనీకే కీ లేకుండా మెయిల్‌ను దాస్తాయి. వాటి పనితనం మీద నాకు గౌరవం ఉంది. కానీ మీరు ప్రోటాన్ నుంచి జీమెయిల్ ఉన్న బ్యాంకు ఉద్యోగికి మామూలుగా పంపితే ఆ కాపీ జీమెయిల్‌లోనే ఉంటుంది. ప్రోటాన్‌లో సబ్జెక్ట్ లైనుకు ఆ స్థాయి రక్షణ లేదు. 2021లో స్విస్ అధికారుల చట్టబద్ధమైన ఆదేశం మేరకు ఫ్రాన్స్‌లోని ఒక పర్యావరణ కార్యకర్త ఐపీ అడ్రసును (ఏ ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి వచ్చారో చూపే సంఖ్య) ప్రోటాన్ నమోదు చేసి ఇవ్వాల్సి వచ్చింది. మెయిల్‌లోని విషయం ఇవ్వలేదు, ఇవ్వడం వాళ్ళకు సాధ్యం కాదు. పైగా అక్కడ పాస్‌వర్డ్ మర్చిపోయి, రికవరీ ఏర్పాటు ముందే చేసుకోకపోతే పాత మెయిల్స్ చదవడం ఇక కుదరదు. మీ నాన్నగారి వయసు వాళ్ళకు అది పెద్ద ప్రమాదం. చెన్నైకి చెందిన జోహో మెయిల్‌లో ప్రకటనలు ఉండవు, అది మంచి విషయం. కీ మాత్రం మామూలుగా కంపెనీ దగ్గరే.

సొంత డొమైన్ (మెయిల్ అడ్రసులో @ తర్వాత వచ్చే పేరు) కొనుక్కుని దానిపై మెయిల్ పెట్టుకోమని కొందరు చెబుతారు. సర్వీసు నచ్చకపోతే అడ్రసు మారకుండా వేరే చోటికి వెళ్ళవచ్చు, అది గొప్ప సౌకర్యం. కానీ రెన్యువల్ మర్చిపోయారంటే ఆ డొమైన్ కొన్నవాళ్ళకు మీ మెయిల్స్ వెళ్తాయి. ఏటా గుర్తు పెట్టుకుని కట్టగలిగితేనే ఆ పని చేయండి.

జర్నలిస్టులు, లాయర్లు, కోర్టు తగాదాల్లో ఉన్నవాళ్ళు, ఇంట్లో హింస నుంచి బయటపడాలని చూస్తున్న ఆడవాళ్ళు, వీళ్ళ విషయం వేరు. వాళ్ళు ఇంట్లో ఎవరికీ తెలియని కొత్త ఫోన్‌లో ప్రోటాన్ లాంటిది తెరుచుకోవడం మంచిది. పాత ఫోన్‌ను ఇంట్లోవాళ్ళు చూస్తుంటే ఏ సర్వీసూ కాపాడలేదు.

మీరు ఈ రాత్రి కూర్చుని చేయాల్సినవి ఇవి. ముందు రికవరీ నంబర్, రికవరీ మెయిల్ సరిచూడండి. తర్వాత టూ స్టెప్ వెరిఫికేషన్, అంటే పాస్‌వర్డ్‌తో పాటు రెండో రుజువు కూడా అడిగే ఏర్పాటు, పెట్టండి. ఎస్ఎంఎస్ ఓటీపీ కంటే పాస్‌కీ (ఫోన్ లాక్ తెరిచే వేలిముద్రతోనో పిన్‌తోనో లాగిన్ అయ్యేది) గానీ ఆథెంటికేటర్ యాప్ (ఫోన్‌లోనే కోడ్లు తయారు చేసేది) గానీ మేలు, ఎందుకంటే సిమ్ డూప్లికేట్ తీయించి ఓటీపీలు కొట్టేసే మోసాలు ఉన్నాయి. బ్యాకప్ కోడ్లు ఇస్తారు, వాటిని కాగితం మీద రాసి ఇంటి దస్తావేజులతో పాటు దాచండి. ఆ తర్వాత మీ ఖాతా ఏయే ఫోన్లలో, కంప్యూటర్లలో తెరిచి ఉందో చూసి, అమ్మేసిన పాత ఫోన్ లాంటివి ఉంటే సైన్ అవుట్ చేయండి.

ఇక్కడ చాలామంది వదిలేసేది ఫార్వర్డింగ్. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్ భాగం, ఫిల్టర్ల భాగం రెండూ చూడండి. మెయిల్‌లో దూరినవాళ్ళు తరచూ మీ మెయిల్స్ కాపీ తమకు వచ్చేలా ఫార్వర్డింగ్ పెడతారు. లేదా బ్యాంకు నుంచి వచ్చేవి మీకు కనిపించకుండా పోయేలా ఫిల్టర్ పెడతారు. మీరు పాస్‌వర్డ్ మార్చినా ఆ ఏర్పాటు పని చేస్తూనే ఉంటుంది. తెలియని అడ్రసు ఏదైనా కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని, అక్కడే తొలగించండి.

పెట్టెను ఖాళీ చేయడం ఒక్క రాత్రిలో అయ్యే పని కాదు, ఆదివారం పెట్టుకోండి. సెర్చ్‌లో ఆధార్, పాన్, పాస్‌పోర్ట్, స్టేట్‌మెంట్, పాస్‌వర్డ్ అనే మాటలు ఇంగ్లీషులో ఒక్కొక్కటీ వెతకండి. కావలసిన ఫైళ్ళు హార్డ్ డిస్క్‌లోకి దించుకుని మెయిల్‌లోంచి తీసేయండి. సెంట్ ఫోల్డర్ మర్చిపోకండి, మీరు ఇంటి ఓనరుకు, హెచ్ఆర్‌కు, వీసా ఏజెంటుకు పంపినవన్నీ అందులోనే ఉంటాయి. తర్వాత బ్యాంకు, ట్యాక్స్, పెన్షన్ కోసమే ఒక కొత్త అడ్రసు తెరవండి. అది ఏ షాపులోనూ, ఏ వెబ్‌సైట్‌లోనూ, విజిటింగ్ కార్డు మీదా ఇవ్వకండి. అది ఉచితమైనదైనా పరవాలేదు. ఇప్పటి అడ్రసు షాపింగ్‌కు, మిగతా వాటికి ఉంచుకోండి.

ఇవి చేస్తుండగా తెలియని ఫార్వర్డింగ్ గానీ, మీరు చేయని లాగిన్ గానీ కనిపించి, బ్యాంకు ఖాతాలో ఏదైనా తేడా ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు ఇవ్వండి. డబ్బు చేతులు మారకముందే ఆపించాలంటే మొదటి కొద్ది గంటలే కీలకం. ఆ ఫార్వర్డింగ్‌ను తొలగించే ముందు తీసిన స్క్రీన్‌షాట్ ఫిర్యాదులో పనికొస్తుంది.